సెరీన్ ఉండవలసిన చోట లూసీన్

చిరంజీవికి,

క్షయ మందుల మీద నువ్వు రాసిన వ్యాసం రెండుసార్లు చదివాను. శ్రద్ధగా రాశావు. అయితే మందు బాక్టీరియా మీద "దాడి చేస్తుంది", "మట్టుబెడుతుంది" అన్నావే గాని, అది ఎక్కడికి చేరి ఏ పనికి అడ్డుపడుతుందో ఒక్క వాక్యంలోనూ చెప్పలేదు.

రిఫాంపిసిన్‌నే తీసుకో. మూత్రాన్ని నారింజ రంగుకు మార్చే ఈ మందు క్షయ బాక్టీరియాలో, జన్యువుకు నకలైన ఆర్‌ఎన్‌ఏ పోగును అల్లే ఆర్‌ఎన్‌ఏ పాలిమరేజ్ అనే ప్రోటీన్‌లో, బీటా అనే భాగానికి అతుక్కుంటుంది. దీనికి నువ్వు వాడిన తాళం, తాళంచెవి పోలిక దారి తప్పిస్తుంది. ఎందుకంటే ఈ మందు పాలిమరేజ్ పనిచేసే కేంద్రంలో కాక, దానికి పక్కగా, కొత్త ఆర్‌ఎన్‌ఏ పోగు ముందుకు సాగవలసిన దారిలో కూర్చుంటుంది. మాల కట్టే వేళ్లు చక్కగా ఆడుతున్నా, కట్టిన మాల కిందికి జారే చోటు లేకపోతే రెండు మూడు పూల దగ్గరే పని ఆగిపోతుంది కదా! ఇక్కడా ఆర్‌ఎన్‌ఏ పోగులో పూలలాంటి న్యూక్లియోటైడ్లు రెండు మూడు కలిసేసరికి పోగు మందుకు తగిలి ఆగిపోతుంది. ఆర్‌ఎన్‌ఏ లేనిదే ప్రోటీన్లు తయారు కావు.

"శరీరం మందుకు అలవాటు పడుతుంది" అన్న వాక్యాన్ని మాత్రం దయచేసి కొట్టివెయ్యి. మందు పనిచేయడం లేదని విన్న రోగి, లోపం తన ఒంటిదే అనుకుని కుమిలిపోవడం నేను చూశాను. మారేది రోగి శరీరం కాదు, బాక్టీరియా ప్రోటీన్. ప్రోటీన్ అంటే అమైనో ఆమ్లాల గొలుసు; బీటా భాగంలో 450వ స్థానంలోని సెరీన్ అనే అమైనో ఆమ్లం మందుతో హైడ్రోజన్ బంధం కలుపుకుంటుంది. జన్యువులో ఒక్క అక్షరం మారి సెరీన్ బదులు లూసీన్ అనే మరో అమైనో ఆమ్లం వస్తే, ఆ బంధం తెగడమే గాక, అంతకంటే పెద్దదైన లూసీన్ మందు కూర్చునే చోటును ఇరుకు చేస్తుంది. (పాత రచనల్లో ఈ స్థానాన్ని 531 అంటారు, అది ఇ. కోలై అనే వేరే బాక్టీరియా ప్రోటీన్‌ను బట్టి వేసిన లెక్క, తికమక పడకు.) ఇలాంటి మార్పు కోట్ల బాక్టీరియాలో ఏ కొద్దింటిలోనో యాదృచ్ఛికంగా ముందే ఉంటుంది. ఒక్క మందే ఇస్తే మిగతావి చచ్చి అవే పెరుగుతాయి కనుకనే క్షయకు నాలుగు మందులు కలిపి మొదలుపెడతారు.

ఐసోనియజిడ్‌ను కూడా నువ్వు అదే గాటన కట్టావు. అది ఉన్న రూపంలో దేనినీ అడ్డుకోలేదు. బాక్టీరియా సొంత ఎంజైమ్ క్యాట్‌జీ దానిని చురుకైన రూపానికి మార్చాక, కణంలోని ఎన్‌ఏడీ అనే సహాయక అణువుతో జతకూడి, కణకవచపు మైకోలిక్ ఆమ్లాలనే కొవ్వు పదార్థాల తయారీకి అవసరమైన ఇన్‌హెచ్‌ఏ అనే ప్రోటీన్‌లో చేరుతుంది. అందువల్ల క్యాట్‌జీలో 315వ సెరీన్ మారితే, అతుక్కునే చోటు చెక్కుచెదరకుండా ఉన్నా, మందు సరిగా చురుకు రూపానికి మారక పనిచేయదు.

రెండు మందులకూ వేర్వేరు పేరాలు రాసి పంపు, ఎదురుచూస్తుంటాను.

ఆశీస్సులతో