వేలమైనా లాటరీ అయినా ఖజానాకే

మద్యం షాపులకు వేలం తీసేసి లాటరీ ఎందుకు పెట్టారని అడిగారు. వేలంలో ఎక్కువ పాడినవాడు ఆ డబ్బు రాబట్టుకోవాలి కదా. అందుకే ఎమ్మార్పీ మీద అదనంగా గుంజేవాడు, ఊరూరా బెల్టు షాపు పెట్టించేవాడు. పైగా కుమ్మక్కైన మద్యం వ్యాపారుల సిండికేట్లు తెల్ల రేషన్ కార్డు వాళ్ల పేర్లతో లైసెన్సులు తీసుకున్నాయని ఏసీబీ దాడుల్లో బయటపడింది. దాంతో 2012లో ఉమ్మడి రాష్ట్రంలో జనాభాను బట్టి ఫీజు ఖాయం చేసి, షాపు ఎవరికన్నది డ్రాకు వదిలేశారు.

అసలు వేలం పాటల సంగతి మా నెల్లూరు జిల్లా వాళ్లని అడగండి. 1992లో దూబగుంట ఆడవాళ్లు సారా కొట్టు మూయించారని తెలియగానే మా ఊళ్లోనూ కదిలారు. రాత్రి బడిలో అక్షరాలు నేర్చినవాళ్లే ముందున్నారు. ఒకరోజు సారా పాకెట్లు తెచ్చే జీపుకి మా పెద్దమ్మ అడ్డంగా కూర్చుంది. "నేను కూలోణ్ణి తల్లీ" అని డ్రైవరు బతిమాలాడు. "మా ఆయనా కూలోడే, ఆ కూలంతా నీ జీపులోకే పోతోంది" అంది. పాకెట్లన్నీ రోడ్డు మీద పోసి తొక్కేశారు. పెదనాన్న చింతచెట్టు కింద నిలబడి నోరు మెదపలేదు. పేర్లు రాసుకోవడానికి కానిస్టేబుల్ వస్తే, "మా పేర్లు మేమే రాస్తాం" అని పెన్ను లాక్కున్నారు. వంకర టింకరగా రాస్తూనే ఉన్నారు, ఆయన ఎండలో నిలబడే ఉన్నాడు.

ఆ ఏడాది సారా పాటలు పదేపదే వాయిదా పడ్డాయి. 1993 ఏప్రిల్ 15 నుంచి మా జిల్లాలో, అక్టోబర్ 1 నుంచి రాష్ట్రమంతా సారా బంద్. అప్పుడు ముఖ్యమంత్రి కోట్ల విజయభాస్కరరెడ్డి. ఇప్పుడేమో అందరూ దీన్ని ఎన్టీఆర్ సంతకం ఖాతాలో వేస్తారు. ఆయన తెచ్చింది 1995 జనవరిలో సంపూర్ణ నిషేధం, అది 1997లోనే సడలిపోయింది. ఆడవాళ్లు ఆపింది మాత్రం పాటల్నే.

లాటరీ వేలం కన్నా మంచిదంటే నేనొప్పుకోను. వేలంలో ఓడినవాడి డిపాజిట్ తిరిగొచ్చేది. 2024లో ఆంధ్రాలో 3,396 షాపులకు దాదాపు 90 వేల దరఖాస్తులు వచ్చాయి, ఒక్కోదానికి 2 లక్షలు, తిరిగివ్వరు. అంటే ఒక్క సీసా అమ్మకముందే సుమారు 1,800 కోట్లు! మా బావ కూడా స్నేహితులతో కలిసి కట్టాడు, షాపు రాలేదు. ఇప్పుడు ఫోన్ చేసినప్పుడల్లా ఆ ఏడుపే, నాకు టెన్షన్. బడికి 100 మీటర్ల దూరం ఉండాలన్న నిబంధనేమో లైసెన్సు ఉన్న షాపుకే. మా వీధిలో బడి గోడ పక్కనే ఉన్న బెల్టు షాపుకి అసలు లైసెన్సే లేదు, ఇక దూరం ఎవడు కొలుస్తాడు?