బోర్డు మీద రాజమహల్ అని రాయించకు

చి.సౌ. బుజ్జికి పెదనాన్న ఆశీస్సులు.

నువ్వు వాట్సాప్‌లో పంపిన బోర్డు నమూనా చూశాను. 'మూడు వందల ఏళ్ల జమీందారీ రాజమహల్' అట! మీ పెద్దమ్మకి చదివి వినిపిస్తే ఆవిడ నవ్వు ఆపుకోలేకపోయింది. మన పాత ఇంటిని పెళ్ళిళ్ళకి అద్దెకి ఇస్తానన్నావు, నాకు సంతోషమే. తాళం వేసి చెదలకి అప్పగించడం కంటే నయం. కానీ చరిత్ర రాసిపెట్టమని అడిగావు కాబట్టి ముందు దాని సంగతి చూద్దాం.

మనం జమీందార్లం కాదు తల్లీ. మా తాత, అంటే నీ ముత్తాత, ఊరి భూముల లెక్కలు రాసే కరణీకం చేస్తూ ధాన్యం వ్యాపారం చేశాడు. ఇక మూడు వందల ఏళ్లంటావా? గోదావరి మీద ధవళేశ్వరం ఆనకట్ట 1847లో మొదలై 1852లో పూర్తయింది. కాలవలు వచ్చాకే మన కోనసీమలో పంట నిలకడగా చేతికొచ్చి, ఇలా నడిమధ్య కప్పు తెరిచి ఉండే మండువా లోగిళ్లు కట్టేంత డబ్బు చాలామంది చేతుల్లో ఆడింది. పెళ్లికొచ్చిన వాళ్లలో ఈ ప్రాంతం తెలిసిన ముసలాయన ఒక్కడున్నా నీ బోర్డు నవ్వులపాలవుతుంది.

ఇంటి వయసు ఇల్లే చెబుతుంది. వంటింటి పైన పాత పెంకు ఒకటి దింపించి తిరగేసి చూడు. వంటింటివే ఎందుకంటున్నానంటే, 1996 నవంబరు తుపానుకి మిగతా కప్పు సగం లేచిపోయి కొత్తది వేయించాం. మనం బెంగుళూరు పెంకు అంటాం గానీ అది మంగుళూరుది. బాసెల్ మిషన్ అనే జర్మన్, స్విస్ క్రైస్తవ మిషనరీలు 1865లో అక్కడ పెంకుల ఫ్యాక్టరీ పెట్టారు. మొదటి ప్రపంచ యుద్ధంలో అది శత్రువుల ఆస్తి అని బ్రిటిష్ వాళ్లు స్వాధీనం చేసుకున్నారు, ఆ తర్వాత పేరు కామన్వెల్త్ ట్రస్ట్ అయింది. నేను చిన్నప్పుడు చూసిన పెంకు మీద కామన్వెల్త్ అనే ఉన్నట్టు గుర్తు. అదే నిజమైతే ఆ కప్పు యుద్ధం అయ్యాక వేసిందే.

అయితే పెంకు ఒక్కటే చూసి తేల్చేయకు, పాత గోడల మీద కొత్త కప్పు వేసి ఉండొచ్చు. స్థలం కొన్న దస్తావేజు నకలు సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో తీయించు. కంప్యూటర్‌లో ఈసీ, అంటే ఆస్తి మీద రిజిస్టరైన లావాదేవీల చిట్టా, 1983 నుంచే వస్తుంది. అంతకు ముందువి కావాలంటే పాత పుస్తకాలు తిరగేయించాలి, ఓపిక పట్టాలి. పూజగదిలో లక్ష్మీదేవి పటం కింద సన్న అక్షరాలు కూడా చూడు. ఇలాంటి దేవుళ్ల పటాలు అచ్చేసిన రవివర్మ ప్రెస్ 1894లో బొంబాయిలో మొదలై తర్వాత లోనావాలా దగ్గర మళవలికి మారింది. మళవలి అని ఉంటే ఆ పటం మారిన తర్వాతది. పటం వయసు ఇంటి వయసు కాదనుకో, అయినా ఫొటో తీసి పెట్టుకో.

ఒక్క సంవత్సరమే రాసేయకు. హైదరాబాదులో నిజాముల చౌమహల్లా ప్యాలెస్ 1750 ప్రాంతంలో మొదలైతే, పూర్తయ్యేసరికి వందేళ్లు దాటింది. మన ఇంట్లోనూ మండువా ముందు, మేడగది తర్వాత, బాత్‌రూములు నేను ఉద్యోగంలో చేరాక. ఏది ఎప్పటిదో విడివిడిగా రాయి.

స్తంభాలు రంగం టేకు. అప్పట్లో బర్మాలోని రంగూన్‌ని మనవాళ్లు రంగం అనేవారు. కాకినాడ నుంచి స్టీమర్లు నడిచేవి. మా చినతాత అక్కడ బియ్యం మిల్లులో గుమాస్తా, కలప పంపింది ఆయనే. 1941 డిసెంబరులో జపాన్ వాళ్లు రంగూన్ మీద బాంబులు వేశాక అన్నీ వదిలేసి, చాలా దూరం నడిచి ఇల్లు చేరాడు. ఆయన వీధరుగు మీద కూర్చుని ఎవరితోనూ మాట్లాడేవాడు కాదని మా అమ్మ చెప్పేది. నువ్వు రాయించిన జమీందారు ముచ్చట్లలో ఈ మనిషి ఎక్కడా లేడు.

తాకట్టు సంగతి కూడా రాయి. 1930ల్లో ధాన్యం ధర పడిపోయినప్పుడు ఈ ఇల్లు తాకట్టులోకి వెళ్లింది, విడిపించడానికి రెండెకరాలు అమ్మారు. మీ నాన్న ఒప్పుకోడు, పరువు అంటాడు. హైదరాబాదు ఫలక్‌నుమా ప్యాలెస్ మాట చెప్పు వాడికి. 'పైగా' అనే నవాబుల వంశానికి చెందిన వికారుల్ ఉమ్రా దాన్ని 1884లో మొదలుపెట్టి కట్టి కట్టి అప్పులపాలయ్యాడు, చివరికి ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ చేతికి వెళ్లింది. 2010 నుంచి అది తాజ్ వాళ్ల హోటల్. నూట ఒక్కమంది కూర్చునే భోజనాల బల్లతో పాటు ఆ అప్పుల కథ కూడా జనం చెప్పుకుంటూనే ఉన్నారు. వాళ్ల పరువేం పోయింది?

ఇక అద్దెకిచ్చే సంగతులు. మండువాని పైన అద్దంతో మూయిస్తామని డెకరేషన్ వాళ్లు ఆశ పెడతారు, ఒప్పుకోకు. గాలీ వెలుతురూ వచ్చేది అక్కణ్ణుంచే. అది కాకపోతే స్టేజీ వేసి మండువాలో వాన నీళ్లు బయటికి పోయే తూము మూసేస్తారు, వాన పడితే నాలుగు వైపుల నీళ్లూ వసారాల్లోకి ఎక్కుతాయి. ప్రతి పెళ్లి తర్వాతా తూములో పూలరెక్కలు, ప్లేట్లు లేకుండా తీయించాలి. టేకు స్తంభాలకి మేకు కొట్టకూడదని, తాళ్లతోనే కట్టాలని అగ్రిమెంట్‌లో రాయించి డిపాజిట్ తీసుకో. వంటలు పెరట్లో పశువుల కొట్టానికి దూరంగా. మైకు రాత్రి పదింటికి ఆగాలి, అది చట్టం. ముహూర్తం తెల్లవారుజామునైతే సన్నాయి చాలు, డీజే ఎందుకు?

గోడలకి సిమెంటు ముట్టించకు. ఇది నేను చేసిన తప్పు. తుపాను తర్వాత పడమటి గోడకి గట్టిగా ఉంటుందని సిమెంటు పూత వేయించాను. చెమ్మ బయటికి పోయే దారి లేక రెండేళ్లలో పెళ్లలు పెళ్లలుగా ఊడి, లోపలి ఇటుక కూడా పొడి అయింది. సున్నపు గోడకి సున్నమే పెట్టాలి. పని తెలిసిన మేస్త్రీ దొరకడమే కష్టం, దొరికితే కూలికి బేరమాడకు. వీధి స్తంభం మీద 1986 ఆగస్టు వరద గీత ఉంది, రంగు వేసేవాడికి ముందే చూపించు, చెరిపేస్తాడు.

వాటాదార్లందరి సంతకాలు అడ్వాన్సు తీసుకోకముందే పెట్టించు. నాది ఇప్పుడే పంపుతాను, కానీ తూర్పు వసారా పక్కగది ఎవరికీ ఇవ్వకు, పండక్కి వస్తే మేం అందులోనే ఉంటాం.

కాగితాల పెట్టె తాళం మీ నాన్న దగ్గరుందని అనుకుంటున్నావు. నా దగ్గరే ఉంది. సంక్రాంతికి తెస్తాను. ఈలోపు పెంకు ఫొటో పంపు, బోర్డు పెయింటర్‌ని ఆపు.

మీ పెదనాన్న