మాట ఇచ్చారా, ఇవ్వలేదా?

ప్రశ్న: పాశ్చాత్య దేశాల సైనిక కూటమి అయిన నాటోను తూర్పువైపు అంగుళం కూడా జరపబోమని 1990లో అమెరికా మాట ఇచ్చి తప్పిందని రష్యా అంటుంది. అలాంటి మాటే లేదని పాశ్చాత్య దేశాలు అంటాయి. ఎవరిది నిజం?

జవాబు: ఆ మాట నోట వెలువడిందన్నదీ నిజమే, కాగితం మీదికి రాలేదన్నదీ నిజమే. 1990 ఫిబ్రవరి 9న క్రెమ్లిన్‌లో అమెరికా విదేశాంగ మంత్రి జేమ్స్ బేకర్, ఏకమైన జర్మనీ నాటోలో ఉంటూ, నాటో పరిధి మాత్రం తూర్పుకు అంగుళం కూడా జరగకుండా ఉంటే మీకు సమ్మతమేనా అని సోవియట్ అధినేత గోర్బచెవ్‌ను అడిగారు. నాటో పరిధి పెరగడం తమకు అంగీకారం కాదని గోర్బచెవ్ అంటే, మేమూ ఒప్పుకుంటామని బేకర్ బదులిచ్చారు. అయితే ఆనాడు వారి ముందున్న సమస్య పశ్చిమ జర్మనీతో కలవబోతున్న తూర్పు జర్మనీ. పోలండ్, హంగరీ అప్పటికింకా సోవియట్ నాయకత్వంలోని వార్సా సైనిక కూటమిలోనే ఉన్నాయి. ఆ కూటమి రద్దయింది 1991 జులైలో.

జర్మనీ ఏకీకరణ ఒప్పందం మీద సంతకాలు పడింది మాత్రం 1990 సెప్టెంబర్ 12న, మాస్కోలో. సోవియట్ సైన్యం వెళ్లిపోయాక కూడా తూర్పు జర్మనీ నేల మీద విదేశీ సేనలను, అణ్వాయుధాలను మోహరించకూడదని ఆ ఒప్పందంలో రాసుకున్నారు. ‘మోహరించడం’ అంటే ఏమిటన్న దాని మీద ముందు రోజు రాత్రి దాకా పేచీ నడిచి, దాని అర్థాన్ని జర్మనీ ప్రభుత్వమే నిర్ణయిస్తుందని చివరికి ఒక అనుబంధం చేర్చారు. ఒక్క క్రియాపదం కోసం అంతగా పట్టుబట్టిన వాళ్లు మిగతా తూర్పు యూరప్ గురించి ఒక్క వాక్యమైనా రాయించుకోలేదు. ఖజానా ఖాళీ అయిన సోవియట్ యూనియన్‌కు అప్పుడు జర్మనీ ఇవ్వజూపిన 1,200 కోట్ల మార్కులు, ఆపైన 300 కోట్ల వడ్డీలేని అప్పు ఎంత అవసరమో గుర్తుంచుకోవాలి. నాటో విస్తరణ ప్రస్తావనే ఆనాడు రాలేదని 2014లో ఒక ఇంటర్వ్యూలో చెప్పిన గోర్బచెవే, తర్వాత జరిగినది మాత్రం ఆనాటి హామీల స్ఫూర్తికి విరుద్ధమనీ అన్నారు.

నా దృష్టిలో రష్యా మనస్తాపం కల్పితం కాదు. 1999 మార్చి 12న పోలండ్, హంగరీ, చెక్ రిపబ్లిక్ నాటోలో చేరాయి. సరిగ్గా పన్నెండు రోజులకు, భద్రతా మండలి అనుమతి లేకుండానే, యుగొస్లావియా మీద నాటో బాంబులు పడ్డాయి. చర్చల కోసం వాషింగ్టన్ బయల్దేరిన రష్యా ప్రధాని ప్రిమకోవ్, దాడి ఖాయమని తెలిసి అట్లాంటిక్ మీదే విమానాన్ని వెనక్కి తిప్పించారు. 2008లో బుఖారెస్ట్ శిఖరాగ్ర సమావేశం ఇంకా పెద్ద పొరపాటు చేసింది. ఉక్రెయిన్, జార్జియా ఎప్పటికైనా సభ్యులవుతాయని ప్రకటించి, ఎప్పుడో, ఎలాగో చెప్పకుండా వదిలేసింది. ఆ రెండు దేశాలకూ రక్షణ దక్కలేదు, మాస్కో ఆగ్రహం మాత్రం దక్కింది.

అయితే నోటిమాటకే అంత విలువ ఉంటే, సంతకానికి ఇంకెంత ఉండాలి? 1994 డిసెంబర్ 5న బుడాపెస్ట్‌లో, ఉక్రెయిన్ తన నేల మీది అణ్వాయుధాలన్నింటినీ వదులుకుంటున్నందుకు ప్రతిగా, దాని సరిహద్దులను గౌరవిస్తామని అమెరికా, బ్రిటన్‌లతో పాటు రష్యా కూడా సంతకం చేసింది. 2014లో క్రిమియాను కలిపేసుకున్నది ఆ రష్యాయే.

ప్రశ్న: నాటో విస్తరణే ఉక్రెయిన్ యుద్ధానికి కారణమైతే, ఫిన్లాండ్ చేరినప్పుడు రష్యా ఎందుకు ఊరుకుంది?

జవాబు: పూర్తిగా ఊరుకోలేదు, ఫిన్లాండ్ వైపున్న లెనిన్‌గ్రాద్ సైనిక మండలాన్ని 2024లో పునరుద్ధరించింది. కానీ 2023 ఏప్రిల్ 4న ఫిన్లాండ్ చేరికతో, నాటోతో రష్యాకున్న భూ సరిహద్దు దాదాపు 1,340 కిలోమీటర్లు పెరిగి రెట్టింపు దాటినా యుద్ధం రాలేదు. ఫిన్లాండ్, స్వీడన్‌ల చేరిక తమకు నేరుగా ముప్పేమీ కాదనీ, అక్కడ సైనిక ఏర్పాట్లు పెరిగితేనే స్పందిస్తామనీ 2022 మే నెలలోనే పుతిన్ అన్నారు. ఉక్రెయిన్ విషయంలో ఆయన లెక్క వేరు. 2021 జులైలో స్వయంగా రాసిన సుదీర్ఘ వ్యాసంలో రష్యన్లు, ఉక్రేనియన్లు ఒకే జాతి అని వాదించారు. నాటో ఫిర్యాదును, ఆ వ్యాసాన్ని పక్కపక్కన పెట్టుకుని చదివితేనే 2022 ఫిబ్రవరి 24న ఉక్రెయిన్ మీద మొదలైన దండయాత్ర అర్థమవుతుంది. మొదటిదాన్ని మాత్రమే చదివేవారికి ఫిన్లాండ్ ఎప్పటికీ పొడుపుకథగానే మిగులుతుంది.