గృహరుణంలో నెలకు రెండు మూడు వేలు అదనంగా కట్టడం వల్ల నిజంగా లాభం ఉంటుందా?

మీరు ఇచ్చిన వివరాలు ఇవి: 30 లక్షల గృహరుణం, 20 ఏళ్ల గడువు, 8.5 శాతం మారే వడ్డీ, మొదలై కొద్ది నెలలే అయింది. నెలకు రెండు వేల నుంచి ఐదు వేల దాకా మిగులుతోంది కానీ, అంత చిన్న మొత్తంతో ఏమీ ఒరగదని, పెద్ద మొత్తం చేతికొచ్చేదాకా ఆగమని తోటి ఉద్యోగులు అంటున్నారు. నా సమాధానం, ఆగవద్దు. హనుమకొండలో 2012 ఆగస్టులో 20 ఏళ్లకు తీసుకున్న 18 లక్షల రుణాన్ని, ఒక్క జీతం మీదే, 2024 ఫిబ్రవరిలో తీర్చేశాము. అందులో ఏ ఒక్కసారీ లక్ష రూపాయలు ఒకేసారి కట్టింది లేదు.

ముందు మీ లెక్కే చూద్దాం. మీ ఈఎంఐ సుమారు 26,035 రూపాయలు ఉంటుంది. మొదటి నెల అందులో 21,250 వడ్డీకే పోయి, అసలుకు 4,785 మాత్రమే జమ అవుతుంది. ఏడాది మొత్తం మీద మీరు 3,12,000కు పైగా కడితే అసలులో తగ్గేది 60 వేల లోపే. మీరు అదనంగా కట్టే రెండు వేలు మాత్రం వడ్డీ వాటా లేకుండా పూర్తిగా అసలులోకే వెళతాయి కాబట్టి, 26 వేల పక్కన పెట్టి చూస్తే చిన్నగా కనిపించే ఆ మొత్తాన్ని నిజానికి 4,785 పక్కన పెట్టి చూడాలి. వడ్డీ మారలేదనుకుంటే, మొదటి నెల నుంచి రెండు వేలు కలిపి కట్టినవారికి 240 నెలల రుణం 201 నెలల్లో తీరిపోతుంది, ఆరు లక్షలకు పైగా వడ్డీ మిగులుతుంది. అదే ఐదు వేలైతే 164 నెలలు చాలు. మిగిలే వడ్డీ పదకొండున్నర లక్షలు దాటుతుంది.

పెద్ద మొత్తం కోసం ఆగడంలో నష్టం ఎంతో కూడా ఇదే లెక్కలో తేలుతుంది. రుణం మొదలైన కొత్తలో కట్టిన లక్ష రూపాయలు మీ గడువులో 19 నెలలకు పైగా కోసేస్తాయి. అదే లక్ష పదిహేనేళ్లు గడిచాక కడితే ఆరు నెలలు కూడా తగ్గదు. అందుకే ఆలస్యంగా వచ్చే పెద్ద మొత్తం కంటే ఈ రోజు చేతిలో ఉన్న చిన్న మొత్తానికే నేను ఎక్కువ విలువ ఇస్తాను.

ఇప్పుడు నేను చేసిన పొరపాటు చెబుతాను, ఎందుకంటే మీరు జాగ్రత్త పడవలసింది ప్రధానంగా అక్కడే. మాది 10.5 శాతం వడ్డీ, 17,971 రూపాయల ఈఎంఐ. మొదటి ఏడాది నెలకు మూడు వేల చొప్పున రికరింగ్ డిపాజిట్‌లో దాచి, ఏడాది చివర 36,000కు చెక్కు రాసి బ్రాంచిలో ఇచ్చి వచ్చాను. మరుసటి నెల ఖాతాలోంచి 17,606 మాత్రమే కోత పడింది. ఈఎంఐ 365 రూపాయలు తగ్గిందని ఆ సాయంత్రం ఇంట్లో సంతోషంగా చెప్పాను. మా ఆవిడ ఇంటి ఖర్చులు రాసే నోటుపుస్తకం తీసి, "మరి ఎన్ని నెలలు తగ్గాయి?" అని అడిగింది. ఒక్క నెల కూడా తగ్గలేదు. నేను ఏమీ రాసి ఇవ్వకపోవడంతో, బ్యాంకు వారు గడువును అలాగే ఉంచి ఈఎంఐని తగ్గించారు. నెలకు 365 చొప్పున మిగిలిన 228 నెలలకు కలిసి వచ్చేది 83 వేలు. ఈఎంఐ మార్చకుండా గడువు తగ్గించి ఉంటే దాదాపు 14 వాయిదాలు, అంటే రెండు లక్షల నలభై ఎనిమిది వేల రూపాయల దాకా, కట్టనక్కర లేకుండా పోయేది. కట్టిన డబ్బు అదే, ఫలితంలోనే అంత తేడా. దాన్ని సరిచేయించుకోవడానికి మూడుసార్లు తిరగవలసి వచ్చింది. అప్పటి నుంచి అదనంగా కట్టిన ప్రతిసారీ "ఈఎంఐ మార్చకుండా గడువు తగ్గించగలరు" అని దరఖాస్తు రాసి, నకలు మీద స్టాంపు వేయించుకున్నాను. మీరు యాప్‌లో కట్టినా సరే, ఆ మొత్తం ముందస్తు ఈఎంఐగా కాకుండా అసలులోనే జమ అయిందో లేదో, మిగిలిన వాయిదాల సంఖ్య తగ్గిందో లేదో వచ్చే నెల స్టేట్‌మెంట్‌లో తప్పక చూసుకోండి.

అదనంగా కడితే జరిమానా వేస్తారేమోనని కూడా మీరు సందేహించారు. మారే వడ్డీ మీద వ్యక్తులు తీసుకున్న గృహరుణాలకు అలాంటి రుసుము వసూలు చేయరాదని రిజర్వ్ బ్యాంకు 2012 జూన్‌లోనే బ్యాంకులను ఆదేశించింది. స్థిర వడ్డీ రుణమైతే మాత్రం ఒప్పంద పత్రం చదువుకోవాలి.

మాకు ఎక్కువగా కలిసి వచ్చినవి రెండు. 2015లో తెలంగాణ ప్రభుత్వం 43 శాతం ఫిట్‌మెంట్‌తో పీఆర్సీ (ఉద్యోగుల వేతన సవరణ) ఇచ్చినప్పుడు, పెరిగిన జీతానికి మేము ఇంకా అలవాటు పడకముందే అందులోంచి నెలకు ఐదు వేలు రుణానికి మళ్లించాము. రెండోది, 2020లో కొంత రుసుము కట్టి రుణాన్ని రెపో రేటుకు (బ్యాంకులకు రిజర్వ్ బ్యాంకు అప్పిచ్చే వడ్డీ రేటుకు) ముడిపడిన వడ్డీలోకి మార్చుకున్నప్పుడు, వడ్డీ తగ్గినా పాత ఈఎంఐనే కొనసాగించమని కోరాము. చాలామంది ఇక్కడే ఈఎంఐ తగ్గించుకుని ఆ అవకాశం పోగొట్టుకుంటారు. కొత్తగా ఖర్చు తగ్గించుకోకుండానే అదనంగా కట్టగలిగే మార్గం ఇది.

వడ్డీ పెరిగే రోజుల గురించి కూడా చెప్పాలి. 2022 మే నుంచి 2023 ఫిబ్రవరి మధ్య రెపో రేటు 4 శాతం నుంచి 6.5 శాతానికి చేరింది. 6.75 శాతం మీద 30 లక్షలు 20 ఏళ్లకు తీసుకున్నవారి ఈఎంఐ 22,811, వడ్డీ 9.25కి చేరితే ఆ మొత్తం మీద నెల వడ్డీయే 23,125 అవుతుంది, అంటే కట్టే వాయిదా వడ్డీకే చాలదు. అలాంటప్పుడు ఈఎంఐ పెంచాలా, గడువు పెంచాలా అన్నది ఎంచుకునే వీలు రుణగ్రహీతకు ఇవ్వాలని 2023 ఆగస్టులో రిజర్వ్ బ్యాంకు చెప్పింది. వడ్డీ పెరిగిందని బ్యాంకు నుంచి మీకు సమాచారం వస్తే, పక్కన పెట్టేయకుండా బదులివ్వండి.

అదనంగా కట్టి వడ్డీ తగ్గితే పన్ను రాయితీ పోతుందన్న మాట మీద ఎక్కువ ఆలోచించనవసరం లేదు. సొంతంగా ఉండే ఇంటికి ఆదాయపు పన్ను పాత విధానంలో ఏడాదికి రెండు లక్షల వడ్డీ వరకే మినహాయింపు. మీ మొదటి ఏడాది వడ్డీయే రెండున్నర లక్షలు దాటుతుంది. కొత్త విధానంలో అదీ లేదు.

అయితే క్రెడిట్ కార్డు బాకీ గానీ పర్సనల్ లోను గానీ ఉంటే ముందు అవి తీర్చండి, వాటి వడ్డీ చాలా ఎక్కువ. కనీసం ఆరు నెలల ఇంటి ఖర్చు, ఈఎంఐలతో సహా, విడిగా ఉంచుకోండి. ఇంటి మీద కట్టేసిన డబ్బు అవసరానికి వెంటనే తిరిగి రాదు. మా అమ్మకు ఆపరేషన్ జరిగినప్పుడు అదనపు చెల్లింపు ఎనిమిది నెలలు ఆపేశాము, అయినా ఎవరి దగ్గరా చెయ్యి చాచలేదంటే ఆ నిల్వ వల్లే.

రుణం పూర్తిగా తీరాక పని ఇంకొంచెం మిగులుతుంది. 2023 డిసెంబరు నుంచి అమల్లో ఉన్న నిబంధన ప్రకారం బ్యాంకు అసలు దస్తావేజులు 30 రోజుల్లో తిరిగి ఇవ్వాలి, తమ వల్ల ఆలస్యమైతే రోజుకు 5,000 చొప్పున పరిహారం చెల్లించాలి. మాకు 19వ రోజున ఇచ్చారు. ఒక్కో కాగితాన్నీ జాబితాతో సరిచూసుకున్నాకే సంతకం పెట్టాను. తర్వాత సబ్ రిజిస్ట్రార్ కార్యాలయంలో తనఖా రద్దు నమోదు చేయించి, కొత్త ఈసీ (ఆస్తి మీద ఉన్న తనఖాలు, లావాదేవీలు చూపే ధ్రువపత్రం) తీసి, అందులో ఆ రద్దు ఎక్కిందని చూసుకున్నాము. ఆ ఈసీ కాగితాన్ని మా ఆవిడ తన నోటుపుస్తకంలో, 2012 నాటి 17,971 రాసుకున్న పేజీ దగ్గర పెట్టింది.