గోదావరిలో గాలించే డైవర్లు వీపున మోసేది ఆక్సిజన్ సిలిండరేనా? అసలు ఆక్సిజన్‌తో నీళ్లలో ప్రాణం ఎలా పోతుంది?

కాదు, అందులో మామూలుగా ఉండేది మనం పీల్చే గాలే; పొరపాటున శుద్ధ ఆక్సిజన్ పీలుస్తూ లోతుకు దిగితే ఫిట్స్ వచ్చి మునిగి చనిపోయే ప్రమాదం ఉంది.

కారణం పీడనం. అంతర్వేది దాటి సముద్రంలో 20 మీటర్లు దిగిన డైవర్‌నే తీసుకోండి. అక్కడ పీడనం ఒడ్డున ఉన్నదానికి 3 రెట్లు; ఒడ్డున ఉన్నది 1 అనుకుంటే అక్కడ 3. గాలిలో ఆక్సిజన్ 21 శాతమే కాబట్టి దాని వంతు పీడనం 0.63. శుద్ధ ఆక్సిజన్ అయితే ఏకంగా 3. డైవర్లు సాధారణంగా పాటించే గరిష్ఠ హద్దు 1.6, అంటే శుద్ధ ఆక్సిజన్‌తో 6 మీటర్లే. అది దాటితే మెదడు మీద ప్రభావం పడి, ఏ సూచనా లేకుండానే మూర్ఛ రావచ్చు. నోట్లోని రెగ్యులేటర్ (సిలిండర్ నుంచి గాలి అందించే పరికరం) జారిపోతే ఇక ఊపిరితిత్తుల్లోకి నీళ్లే.

మరి సిలిండర్లు ఎలా తారుమారవుతాయి? బాగా లోతుకెళ్లేవాళ్లు పైకి వచ్చేటప్పుడు వాడటానికి ఆక్సిజన్ ఎక్కువున్న సిలిండర్ కూడా పక్కన తగిలించుకుంటారు. అడుగున దాని రెగ్యులేటర్ నోట్లో పెట్టుకుంటే అంతే. వరద గోదారి ఎర్రనీళ్లలో అయితే లేబుల్ చదవడం కూడా కుదరదు. అందుకే ఒడ్డునే అనలైజర్‌తో శాతం కొలిచి, ఆ అంకె, దిగదగ్గ లోతు టేపు మీద రాసి సిలిండర్‌కు అంటించాలి.

వార్తల్లోనూ "ఆక్సిజన్ సిలిండర్" అనే రాస్తారు కాబట్టి, ఆక్సిజన్ ఎంత ఎక్కువైతే అంత భద్రమని చాలామంది అనుకుంటారు. ఆస్పత్రి మంచం మీద మాస్కుతో ఇచ్చే ఆక్సిజన్ పీడనం 1 దాటదు, అందుకే అక్కడ ఈ మూర్ఛ రాదు.