కొండ కాలింది, చిగురు వస్తోంది... మందను తోలవచ్చా?

ప్రశ్న: మాది ఫిరంగిపురం దగ్గర, కొండవీడు కొండల కింద పల్లె. నాకు 80 నెల్లూరు గొర్రెలున్నాయి. పది రోజుల కిందట కొండ వాలున ఎండుగడ్డి అంటుకుంది. మంద బయటపడింది గానీ ఐదారు జీవాల కాళ్లు కమిలాయి, రెండు దగ్గుతున్నాయి. కాలినచోట అప్పుడే పచ్చగా మొలుస్తోంది. తోలవచ్చా? ఏటా కాలిస్తేనే గడ్డి బాగా వస్తుందని మా పెద్దలంటారు. నిజమేనా?
– ఒక గొర్రెల రైతు

జవాబు: మేత సంగతి తర్వాత, ముందు కాళ్లు చూడండి. పది రోజులైందన్నారు కాబట్టి ఇప్పుడే జాగ్రత్తగా ఉండాలి. గిట్టకు, చర్మానికి మధ్య ఉండే మెత్తటి అంచు కాలితే ఆ దెబ్బ మొదట్లో తెలియదు. వారం, రెండు వారాలకు అక్కడ పగులు వచ్చి గిట్ట ఊడిపోవచ్చు. కమిలిన ఐదారే కాదు, మందలో ప్రతి జీవాన్నీ పడుకోబెట్టి ఆ అంచును వేలితో నొక్కి చూడండి. రసి కారినా, కాలు లాక్కున్నా వేరుగా కట్టి, మెత్తటి పొడి నేల మీద ఉంచండి. పొదుగు, తొడల లోపలి భాగం, కళ్లు కూడా చూడాలి. ఉన్ని గొర్రెలకు ఆ ఉన్నే కొంత కాపాడుతుంది. మన నెల్లూరు గొర్రెకు ఉన్న పొట్టి వెంట్రుక మంటను ఆపదు.

పుండు మీద పసుపు, బూడిద, ఆముదం పూయకండి. శుభ్రమైన నీటితో కడిగి, డాక్టరు రాసిన కాలిన గాయాల మందు రాయండి. దగ్గే వాటికి నోట్లో ఏదీ పోయొద్దు, అది ఊపిరితిత్తుల్లోకి పోతుంది. నీడన కట్టేసి, నీళ్లు అందుబాటులో ఉంచండి. 1962కు ఫోన్ చేస్తే పశువుల అంబులెన్స్ వస్తుంది.

ఇక చిగురు. వద్దు, ఇప్పుడే తోలకండి. గడ్డి మంట వేగంగా దాటిపోతుంది, రెండు మూడు అంగుళాల లోతున మట్టి పెద్దగా వేడెక్కదు. అందుకే దుబ్బు బతికి, వేరులో దాచుకున్న తిండితో చిగురు వేస్తుంది. వాన లేని ఈ రోజుల్లో ఆ చిగురును గొర్రె కొరికేస్తే దుబ్బు ఇంకోసారి వేయడానికి వేరులో సత్తువ మిగలదు. తొలకరి పడి, గడ్డి జానెడు ఎదిగాక తోలండి. పైగా గడ్డి లేనిచోట లాంటానా పొద కూడా మళ్లీ మొలుస్తుంది. ఆకలి మీదున్న గొర్రె దాన్ని తింటే కామెర్లు వస్తాయి, ఎండ తగిలిన చోట చర్మం పగులుతుంది.

పెద్దల మాటలో సగం నిజముంది. కాలిన వెంటనే వచ్చే చిగురు లేతగా, మాంసకృత్తులతో ఉంటుంది. బూడిదలో పొటాష్, సున్నం కూడా ఉంటాయి. కానీ గడ్డిలోని నత్రజని చాలావరకు పొగలో పోతుంది. ఏటా కాలిస్తే గొర్రె ఇష్టపడే మెత్తని గడ్డి తగ్గి, ముదురు మొరటు గడ్డి మిగులుతుంది. వాలు మీద మట్టి తొలి వానకే దిగజారుతుంది. రిజర్వు ఫారెస్టులో నిప్పు పెట్టడం నేరం కూడా.

అప్పటిదాకా ఏం పెట్టాలంటారా? మన ప్రాంతంలో మినప పొట్టు, కంది పొట్టు, వేరుశనగ కట్టె దొరుకుతాయి. సుబాబుల్ తోటలున్న రైతుల్ని అడిగితే కొమ్మలిస్తారు. ఆ ఆకు మొత్తం మేతలో మూడో వంతు దాటకూడదు, అందులోని మిమోసిన్ అనే విష పదార్థం వల్ల వెంట్రుకలు ఊడతాయి.

వచ్చే ఏడు సంక్రాంతి దాటగానే మీ పొలం, దొడ్డి చుట్టూ పది అడుగుల వెడల్పున గడ్డిని మట్టి తేలేదాకా చెక్కేయండి. మిరప కట్టె కాల్చేదీ, కల్లాల దగ్గర చుట్ట ముట్టించేదీ ఎండాకాలపు మొదట్లోనే. ఆ నిప్పే గాలికి కొండెక్కుతుంది. మంట పైకెక్కేటప్పుడు చాలా వేగంగా పోతుంది, కాబట్టి మళ్లీ అంటుకుంటే మందను పైకి తోలకండి. పక్కకు తిప్పి, దున్నిన చేనులోకి గానీ, బండల మీదికి గానీ, మంట చల్లారిన నల్లనేల మీదికి గానీ తీసుకెళ్లి 101కు ఫోన్ చేయండి.