యుద్ధ నవలలు: ఏవి చదవాలి, ఏవి నిరాశపరిచాయి

ప్రశ్న: మాది పశ్చిమ గోదావరి జిల్లా మాధవరం. తరతరాలుగా సైన్యంలో చేరేవారు ఎక్కువ కావడంతో మా ఊరిని మిలటరీ మాధవరం అంటారు. మొదటి ప్రపంచయుద్ధానికి వెళ్లిన మన సిపాయిల గురించి మంచి నవల ఏదైనా చెప్పండి. యుద్ధం చూడని రచయిత రాసిన యుద్ధ నవలను నమ్మవచ్చునా?

జవాబు: ముల్క్ రాజ్ ఆనంద్ ఆంగ్లంలో రాసిన ‘అక్రాస్ ద బ్లాక్ వాటర్స్’తో మొదలుపెట్టండి. లాలూ అనే పంజాబీ రైతుబిడ్డ 1914లో తన పటాలంతో ఫ్రాన్స్‌లోని మార్సే రేవులో దిగడంతో కథ ఆరంభమై, బెల్జియం వైపున్న ఫ్లాండర్స్ ప్రాంతపు కందకాలలోకి సాగుతుంది. ఎవరి కోసం పోరాడుతున్నాడో అతనికి సరిగా తెలియదు. సేవకు ప్రతిఫలంగా, తమ కుటుంబం పోగొట్టుకున్న భూమి తిరిగి దక్కవచ్చునన్న ఆశ మాత్రం ఉంది. ఇది మూడు నవలల వరుసలో రెండవదే అయినా విడిగా చదువుకోవచ్చు. స్వాతంత్ర్యానంతర సైన్యం గురించి కావాలంటే, స్వయంగా సైన్యాధికారిగా పనిచేసిన మనోహర్ మల్గాంకర్ 1960లో వెలువరించిన ‘డిస్టంట్ డ్రమ్’ ఉంది. ఒకే పటాలంలో పెరిగిన ఇద్దరు మిత్రులు దేశవిభజన తరువాత కాశ్మీరులో చెరొక పక్షాన నిలవడం అందులోని బలమైన ఘట్టం.

ఇక నమ్మకం సంగతి. అమెరికా అంతర్యుద్ధం ముగిసిన ఆరేళ్లకు, అంటే 1871లో, పుట్టిన స్టీఫెన్ క్రేన్ ఒక్క యుద్ధమైనా చూడకుండానే ‘ద రెడ్ బ్యాడ్జ్ ఆఫ్ కరేజ్’ రాశాడు. తొలిసారి తుపాకుల ముందు నిలబడి పారిపోయిన కుర్రవాడి భయాన్ని అంత నిజాయితీగా చూపిన నవలలు తక్కువ. ‘ఆల్ క్వయట్ ఆన్ ద వెస్టర్న్ ఫ్రంట్’ రాసిన జర్మన్ రచయిత రెమార్క్, మొదటి ప్రపంచయుద్ధంలో, 1917లో గాయపడి ఆసుపత్రికి చేరేలోగా యుద్ధరంగంలో గడిపింది కొద్ది వారాలే. అయినా, కాలు పోయి చనిపోతున్న మిత్రుడి మంచి బూట్లు ఒకరి తరువాత ఒకరికి చేతులు మారడం ద్వారా అతడు చెప్పినంత విషయాన్ని పెద్ద పెద్ద పోరాట వర్ణనలు చెప్పలేవు. దీనికి ఎదురుగా హెమింగ్వేను చూడండి. ఇటలీ రణరంగంలో గాయపడి, తరువాత పలు యుద్ధాలను దగ్గర నుంచి చూసిన ఆ రచయిత 1950లో ప్రచురించిన ‘అక్రాస్ ద రివర్ అండ్ ఇన్‌టు ద ట్రీస్’లో, ముసలి కర్నల్ వెనిస్‌లో ఒక యువతితో తన యుద్ధాల గురించి మాట్లాడుతూనే ఉంటాడు. అనుభవమంతా ఉపన్యాసమైపోయింది. విమర్శకులు అప్పుడే పెదవి విరిచారు. నాకూ అదే అనిపించింది.

ప్రశ్న: అందరూ మెచ్చుకున్న ‘క్యాచ్-22’ను వంద పేజీల దగ్గర వదిలేశాను. లోపం నాదా, పుస్తకానిదా?

జవాబు: ఎవరిదీ కాదు. రెండవ ప్రపంచయుద్ధంలో బాంబర్ విమానాలలో 60 సార్లు దాడులకు వెళ్లివచ్చిన జోసెఫ్ హెల్లర్, 1961లో వచ్చిన ఈ నవలలో సంఘటనలను వరుసగా చెప్పలేదు. ఇంటికి పంపడానికి ఎన్ని దాడులు పూర్తిచేయాలో ఆ సంఖ్యను కర్నల్ పెంచుతూ పోతాడు కదా, ఆ అంకెను గమనిస్తూ చదివితే ఏ సంఘటన ముందో, ఏది వెనుకో తేలుతుంది. స్నోడెన్ అనే సైనికుడి మరణం మొదట్లో తునకలుగా మాత్రమే కనిపించి చివరి భాగంలో పూర్తిగా బయటపడుతుంది. అంతవరకు నవ్వించిన పుస్తకం అసలు రూపం అక్కడ తెలుస్తుంది. వంద పేజీల దగ్గర ఆపినవారు ఆ చోటికి చేరనే లేదు, కనుక మరొకసారి ప్రయత్నించండి. కానీ 1994లో వచ్చిన దాని కొనసాగింపు ‘క్లోజింగ్ టైమ్’ను మాత్రం, ఎవరైనా ఉచితంగా ఇచ్చినా, చివరికి పెట్టుకోండి.

ప్రశ్న: టాల్‌స్టాయ్ ‘యుద్ధము-శాంతి’లో యుద్ధ ఘట్టాలు మాత్రమే చదివితే సరిపోతుందా?

జవాబు: సరిపోదు. నెపోలియన్ సేనను రష్యా సైన్యం ఎదుర్కొన్న బొరొడినో యుద్ధంలో, నవలలోని ముఖ్యపాత్ర ప్రిన్స్ ఆండ్రీ పటాలం ఒక్క గుండు కూడా పేల్చకుండా, వెనుక వరుసలో నిలబడి ఫిరంగి దెబ్బలకు మనుషులను పోగొట్టుకుంటుంది. ఆండ్రీ గాయపడేది కూడా అక్కడే. అతని ప్రేమ, అభిమానభంగం, పగ తెలియనివారికి ఆ ఘట్టం ఒక యుద్ధ సమాచారంగానే మిగులుతుంది. విసుగు పుట్టించేది ఉపసంహారంలోని రెండవ భాగం. అందులో పాత్రలు లేవు, చరిత్ర గతిపై రచయిత వాదన మాత్రమే ఉంది. దానిని నిస్సంకోచంగా వదిలిపెట్టవచ్చు.